ఇంట్లో లేసు, కుట్టు, కేకు: గోదావరి డెల్టా ఇళ్ల నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

గోదావరి జిల్లాల ఇళ్లకు చేతిపని కొత్తేమీ కాదు. ఇప్పుడు చాలామంది ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకుంటున్నారు, చిక్కు అక్కడే వస్తోంది. ఆ వీడియోలు తీసినవాళ్ల ఊళ్లో గాలి పొడిగా ఉంటుంది. మన దగ్గర శ్రావణ మాసంలో డబ్బాలో ఉప్పు కూడా నీరు కారుతుంది. అక్కడ చెప్పిన సరుకు మన బజారులో దొరకదు, మన పెరట్లో ఉన్నదాని ఊసు వాళ్లెత్తరు. అందుకని ఈ జవాబులు ఇక్కడి తేమకు, ఇక్కడ దొరికే సరుకుకు తగ్గట్టుగా రాసినవి.

కుట్టు, లేసు, బేకింగ్: ముందు ఏది మొదలుపెట్టమంటారు?

ఇంట్లో ఇప్పటికే ఏముందో చూసుకోండి. అటక మీద అమ్మగారి కుట్టు మిషన్ ఉంటే కుట్టుతో మొదలుపెట్టండి. వంటింట్లో ఓవెన్ ఊరికే పడి ఉంటే బేకింగ్. రెండూ లేకపోతే లేసు. కొసన కొక్కెం ఉన్న ఒక క్రోషే సూది, ఒక దారపు ఉండ చాలు, కరెంటు పోయినా పని ఆగదు, బస్సులో కూర్చుని కూడా అల్లుకోవచ్చు. మూడూ ఒకే నెలలో మొదలుపెట్టేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్ల బీరువాలో సగం అల్లిన టేబుల్ క్లాత్, సగం కుట్టిన సంచి పక్కపక్కన దొరుకుతాయి.

నరసాపురం లేసు అంటారు కదా, అది అసలు మన కళేనా?

ఇక్కడికి వచ్చి స్థిరపడిన కళ. 1840ల్లో స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీ కుటుంబాలు నరసాపురం ప్రాంతంలో ఆడవాళ్లకు క్రోషే అల్లకం నేర్పాయి. అంతకు పదేళ్ల ముందు, నందన నామ సంవత్సరంలో వచ్చిన నందన కరువు ఈ జిల్లాలను ఊడ్చేసింది. ధవళేశ్వరం ఆనకట్ట ఇంకా కట్టలేదు, 1852కి గానీ అది పూర్తి కాలేదు. చేతిలో పని ఉంటే నాలుగు డబ్బులు వస్తాయన్న రోజుల్లో ఈ సూది ఇళ్లలోకి వచ్చింది. తర్వాత నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు, గోదావరి దాటి రాజోలు వైపు ఊళ్లకు కూడా పాకింది. అరుగుల మీద కూర్చుని అల్లిన ముక్కలను ఏజెంట్లు పోగుచేయడం, వాటిని కలిపి కుట్టి టేబుల్ క్లాత్‌లుగా, దుప్పట్లుగా విదేశాలకు పంపడం తరాలుగా నడుస్తోంది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు (ఫలానా ఊరి సరుకని చాటే జీఐ ట్యాగ్) వచ్చింది.

మన కళేనా అంటే, నూట ఎనభై ఏళ్లుగా అమ్మ నుంచి కూతురికి వస్తున్నదాన్ని ఇంకేమనాలి? మిరపకాయ కూడా ఎక్కడినుంచో వచ్చిందే.

మొదటిసారి అల్లేవాళ్లు ఏ దారం, ఏ సూది కొనాలి?

నూలు దారంలో నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 10 నంబరు కాస్త లావు, 20 మధ్యస్థం, 40 బాగా సన్నం. ఊళ్లో పెద్దవాళ్లు సన్న దారంతో చకచకా అల్లేస్తుంటే చూసి అదే కొనకండి. 10 నంబరు తెల్ల దారం, 1.5 మిల్లీమీటర్ల స్టీలు సూది తీసుకోండి. లేత రంగులో ఉంటే కన్నాలు స్పష్టంగా కనిపిస్తాయి. నల్ల దారం జోలికి మొదట్లో అసలు పోవద్దు, రాత్రి ట్యూబ్‌లైటు కింద ఏ కన్నం ఎక్కడుందో తెలియక విసుగొస్తుంది.

మొదటి వారం గొలుసు మాత్రమే అల్లండి. గొలుసులో కన్నాలన్నీ ఒకే కొలతలో వచ్చేదాకా ముందుకు వెళ్లొద్దు. చేతి బిగువు కుదిరితే పువ్వులూ జాలరులూ తర్వాత వాటంతటవే వస్తాయి. మన ఉక్కలో అరచేతికి చెమట పట్టి దారం సూది మీద జరగదు, తెల్ల దారానికి మట్టి రంగు కూడా వస్తుంది. మూతకు చిన్న కన్నం పెట్టిన డబ్బాలో ఉండ వేసి, ఆ కన్నంలోంచి దారం లాక్కుంటే నేల మీద దొర్లదు. పక్కన పొడి తువ్వాలు ఒకటి ఉంచుకోండి. ఫ్యాన్ కింద కూర్చోవడానికి మొహమాటమేమీ అక్కర్లేదు.

వీడియోలో చెప్పినట్టే అల్లాను, కానీ నాది వాళ్లదానికంటే పొడుగ్గా వచ్చింది. ఎందుకు?

క్రోషే పేర్లలో అమెరికా పద్ధతి వేరు, బ్రిటన్ పద్ధతి వేరు. అమెరికావాళ్లు సింగిల్ క్రోషే అనేదాన్ని బ్రిటన్‌వాళ్లు డబుల్ క్రోషే అంటారు. బ్రిటన్‌వాళ్ల ట్రెబుల్ అమెరికావాళ్లకు డబుల్. మీరు అమెరికా లెక్కలో అల్లుతూ బ్రిటన్ నమూనా చదివితే ప్రతి వరసా ఒక మెట్టు పొడుగవుతుంది. నమూనాలో సింగిల్ క్రోషే అన్న మాట కనిపిస్తే అది అమెరికా పద్ధతే అనుకోవచ్చు, బ్రిటన్ పద్ధతిలో ఆ పేరు సాధారణంగా వాడరు. ఇంతకన్నా సుఖం బొమ్మల చార్టు, గుర్తులు చూసి అల్లుకోవచ్చు.

మా అత్తగారికి లేసు బాగా వచ్చు. కానీ నాకు నేర్పే ఓపిక ఆవిడకి లేదండి. ఏం చేయాలి?

నేర్పమని అడగకండి, పక్కన కూర్చుని మీరూ అల్లండి. చిన్నప్పటినుంచి చేస్తున్నవాళ్లకు చేయి తెలుసుగానీ మాట రాదు. "ఇలా తీసి ఇలా లాగడమే" అంటారు. మీ ముక్క మెలిదిరిగిపోవడం చూసి ఆవిడే చేతిలోంచి లాక్కుని విప్పేస్తారు. ఆ విప్పడం జాగ్రత్తగా చూడండి, సగం విద్య అందులో ఉంది. ఆవిడ చేతులను పైనుంచి ఫోన్‌లో వీడియో తీసుకుని, తర్వాత నెమ్మదిగా నడిపించి చూసినా బాగా తెలుస్తుంది. ముఖం రానివ్వనంటే ఆవిడకీ అభ్యంతరం ఉండదు.

ఎడమచేతి వాటం ఉన్నవాళ్లు ఎదురుగా కూర్చోవాలి. అద్దంలో చూసినట్టు సరిగ్గా సరిపోతుంది.

అల్లిన లేసు ముడుచుకుపోయి, అంచులు పైకి లేస్తోంది. చదునుగా ఎలా చేయాలి?

అల్లడం అయ్యాక గోరువెచ్చని నీళ్లలో, కొద్దిగా సబ్బుపొడితో పిండకుండా నానబెట్టి ఉతకండి. తువ్వాలులో చుట్టి నీరు తీయండి. తర్వాత పల్చటి గంజిలో ముంచండి. అన్నం వార్చే అలవాటు ఇంకా ఉన్న ఇళ్లకు ఇది ఖర్చు లేని పని. గంజిని గుడ్డలో వడకట్టకపోతే మెతుకు తునకలు కన్నాల్లో ఇరుక్కుంటాయి. పరుపు మీద మందపాటి తువ్వాలు పరిచి, లేసును కొలతకు లాగి చుట్టూ గుండుసూదులు గుచ్చి నీడన ఆరనివ్వండి. తుప్పు పట్టని సూదులైతేనే గుచ్చండి. తడి లేసు మీద తుప్పు మరక పడితే ఇక పోదు.

గంజి పెట్టిన లేసును బీరువాలో నెలల తరబడి దాచకూడదు. బొద్దింకలకు అది భోజనం. దాచాలనుకుంటే గంజి లేకుండా ఉతికి, పాత నూలు చీర ముక్కలో చుట్టి పెట్టి, వాడే ముందు గంజి పెట్టుకోండి.

పాత కాళ్ల మిషన్ ఉంది. బాగు చేయించాలా, కొత్త కరెంటు మిషన్ కొనాలా?

బాగు చేయించండి. కాళ్లతో తొక్కే నల్ల మిషన్ నేరుగా ఒక్క కుట్టే కుడుతుంది, కానీ ఇంటి అవసరాల్లో నూటికి తొంభై వంతులు ఆ ఒక్క కుట్టే. మెకానిక్‌తో శుభ్రం చేయించి, బెల్టు మార్పించి, సూది కొత్తది వేస్తే చాలావరకు పరుగెడుతుంది. జిగ్‌జాగ్, కాజాలు రోజూ కావాలంటే అప్పుడు కరెంటు మిషన్ గురించి ఆలోచించవచ్చు.

కొబ్బరినూనె మాత్రం పోయకండి. కోనసీమలో ఇంటినిండా కొబ్బరినూనే ఉంటుంది కాబట్టి చెయ్యి అటే పోతుంది. అది కొన్నాళ్లకు జిగురులా మారి లోపలి భాగాలను పట్టేస్తుంది, చలికాలంలో గడ్డ కూడా కడుతుంది. మిషన్ నూనె చిన్న సీసాలో దొరుకుతుంది. నూనె చుక్కలు వేశాక పాత గుడ్డ ముక్క మీద కాసేపు కుట్టండి, లేకపోతే మొదటి జాకెట్టు మీద నూనె మరక ఖాయం.

మిషన్ మీద ప్లాస్టిక్ కవరు కప్పవద్దు. తేమ లోపలే నిలిచి తుప్పు పడుతుంది. నూలు దుప్పటి ముక్క కప్పండి. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి సూదులు మరీ తొందరగా పాడవుతాయి. కాస్త మిషన్ నూనె రాసిన ఫ్లానెల్ గుడ్డకు గుచ్చి మూత ఉన్న డబ్బాలో పెట్టుకోవాలి.

గుడ్డ కింద దారం ఉచ్చులు ఉచ్చులుగా వస్తోంది. బాబిన్ పాడైందా?

చాలావరకు తప్పు పై దారంలో ఉంటుంది. కింద ఉచ్చులు కనబడుతున్నాయి కాబట్టి అందరూ బాబిన్ (కింది దారం చుట్టిన చిన్న చక్రం) కేసు మరను తిప్పుతారు, దాంతో ఉన్నది కూడా చెడుతుంది. ముందు పై దారం పూర్తిగా తీసేసి, గుడ్డను నొక్కిపట్టే మిషన్ పాదం పైకెత్తి మళ్లీ ఎక్కించండి. పాదం దించి ఉన్నప్పుడు ఎక్కిస్తే దారం టెన్షన్ బిళ్లల మధ్యకు వెళ్లదు. అప్పటికీ తగ్గకపోతే సూది మార్చండి. మామూలు నూలు గుడ్డకు 14 నంబరు, పల్చటి వాయిల్‌కు 11, జీన్సుకు 16. సూది విరిగేదాకా మార్చని అలవాటు మన ఇళ్లలో గట్టిగా ఉంది. మొన పోయిన సూది గుడ్డను పొడవదు, చింపుతుంది.

మొదట ఏం కుట్టాలి? జాకెట్టు కుట్టుకోవాలని ఆశ.

జాకెట్టు ఆఖరిది. చంక వంపు, డాట్లు, చేతి అతుకు, ఇవి నేర్పరులైన దర్జీలకు కూడా ఒక్కోసారి తిప్పలు పెడతాయి. దిండు గలీబుతో మొదలుపెట్టండి, అన్నీ నేరుగా పోయే కుట్లే.

మామూలు దిండు 17 అంగుళాల వెడల్పు, 27 అంగుళాల పొడవు. 44 అంగుళాల పన్నా ఉన్న నూలు గుడ్డ మీటరు ముప్పావు కొంటే, ఉతికి కుంచించుకున్నాక కూడా రెండు గలీబులు వస్తాయి. ఒక్కోదానికి 18 అంగుళాల వెడల్పు, 62 అంగుళాల పొడవు ముక్క కత్తిరించండి. పొట్టి అంచులు రెండూ మడిచి కుట్టేయండి. గుడ్డ మంచివైపు లోపలికి ఉండేలా 27 అంగుళాల దగ్గర మడిచి, మిగిలిన ఆరేడు అంగుళాలను మూతలా పైకి తిప్పి, రెండు పక్కలా కుట్టి బోర్లించండి. బొత్తాం, జిప్పు లేకుండా దిండు లోపలే నిలుస్తుంది.

తర్వాత కూరగాయల సంచి, ఆపైన నడుముకు నాడా ఉన్న పిల్లల లంగా. లంగా కుట్టగలిగితే కుచ్చులు పట్టడం వచ్చేసినట్టే.

కొత్త గుడ్డ కుట్టే ముందు తడపాలా?

తడపాలి. నూలు గుడ్డ మొదటి ఉతుకులోనే కుంచించుకుంటుంది. బండారులంక నేత గుడ్డ తెచ్చినా, రాజమండ్రి తాడితోట మార్కెట్‌లో తాను కోయించినా ఒక పూట నీళ్లలో నానేసి ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టండి. లైనింగ్ గుడ్డను కూడా. పైగుడ్డ తడిపి లైనింగ్ తడపకపోతే మొదటి ఉతుకు తర్వాత జాకెట్టు లోపలి నుంచి లాగేసినట్టు ముడతలు పడుతుంది.

రంగు దిగుతుందేమో చూడటానికి ఒక మూల తడిపి తెల్ల గుడ్డతో ఒత్తండి. ఉప్పు నీళ్లలో వేస్తే రంగు నిలబడుతుందని అందరూ చెబుతారు. అద్దకం సరిగా పట్టని గుడ్డకు ఉప్పు ఏమీ చేయలేదు. అలాంటిది విడిగా ఉతుక్కోవాల్సిందే, తెల్ల లేసు పక్కన మాత్రం అతకొద్దు.

పాత చీరలతో బొంత కుట్టాలంటే ఎన్ని పొరలు వేయాలి?

నాలుగు. మెట్ట ప్రాంతాల్లో ఆరేడు పొరలు వేస్తారుగానీ మన దగ్గర అంత చలి లేదు, వానాకాలంలో అంత మందం ఆరదు కూడా. ఆరని బొంత వాసనొస్తుంది. మెత్తబడిన నూలు చీరలే వాడండి, మధ్యలో సిల్కు, పాలిస్టర్ కలపొద్దు. ఒక్కోటి ఒక్కోలా కుంచించుకుని బొంత గుట్టలు పడుతుంది. అంచులు ముందు కచ్చా కుట్టు వేసి బిగించి, నడుమ నుంచి బయటికి కుట్టుకుంటూ రండి. వరసల మధ్య రెండు వేళ్ల దూరం చాలు. ఇది ఒక్కరు చేసే పని కాదు, నలుగురు చుట్టూ కూర్చుంటే మధ్యాహ్నాలు ఇట్టే గడిచిపోతాయి. ఊరి కబుర్లన్నీ అందులో కుట్టేయొచ్చు.

ఓవెన్ లేకుండా బేకింగ్ కుదురుతుందా?

మన అమ్మమ్మలు చేసిందదే. మినప రొట్టె గుర్తుందా? ఇత్తడి గిన్నెలో పిండి పోసి, కుంపటి మీద పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసేవారు. కిందా పైనా సమానంగా సెగ, మూసిన గిన్నె. ఓవెన్ చేసేది కూడా ఇంతే. భాద్రపదంలో తాటిపళ్లు రాలినప్పుడు గుజ్జు తీసి, బియ్యపు రవ్వ, బెల్లం, కొబ్బరి కలిపి, అరిటాకు పరిచిన గిన్నెలో ఇదే పద్ధతిలో తాటిరొట్టె కాల్చేవారు. కొన్ని కోనసీమ ఇళ్లలో ఇప్పటికీ కాలుస్తారు. కొత్తగా బేకింగ్ మొదలుపెట్టేవాళ్లకు నేను మొదట సూచించేది కేకు కంటే మినప రొట్టె. ఒక గ్లాసు మినపప్పు నాలుగైదు గంటలు నానబెట్టి గట్టిగా రుబ్బి, రెండు గ్లాసుల తడిపిన బియ్యపు రవ్వ, ఉప్పు, జీలకర్ర కలిపి, మందపాటి మూకుడులో నూనె ధారాళంగా పోసి, మూతపెట్టి సన్న సెగ మీద వదిలేయండి. పావుగంట దాటాక అడుగు ఎర్రబడుతుంది, తిరగేసి మళ్లీ మూత పెట్టాలి. సెగ తగ్గించి ఓపిక పట్టడం ఇక్కడ అలవాటైతే కేకు దగ్గర తొందరపడరు. చెరకు పానకంతో తింటే ఆ రుచి వేరు.

కేకు కూడా గ్యాసు పొయ్యి మీద చేయొచ్చు. మందపాటి అడుగున్న పెద్ద గిన్నెలో చిన్న స్టాండు పెట్టి, బరువైన మూత వేసి పది నిమిషాలు మధ్యస్థంగా వేడి చేయండి. తర్వాత కేకు గిన్నె లోపల పెట్టి సన్న సెగ మీద ముప్పావు గంట. కుక్కర్ వాడేవాళ్లు రబ్బరు రింగు, విజిల్ రెండూ తీసేయాలి, అడుగున నీళ్లు పోయకూడదు. ఖాళీ కుక్కర్‌ను పదేపదే వేడి చేస్తే పాడవుతుంది కాబట్టి పాతదాన్ని ఒకదాన్ని దీనికే కేటాయించండి.

ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) కొన్నాం. ప్లగ్ వేడెక్కుతోంది.

చిన్న సాకెట్‌లో పెట్టారేమో. ఓటీజీ 1200 నుంచి 1500 వాట్ల దాకా లాగుతుంది. ఏసీ, గీజరుకు వాడే 16 ఆంపియర్ల పవర్ సాకెట్‌లోనే పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దే వద్దు. మధ్యలో కరెంటు పోతే తలుపు తీయకండి, పది నిమిషాల్లో వచ్చేస్తే కేకు చాలావరకు బతుకుతుంది.

ఇక్కడి సరుకుతో తప్పకుండా కుదిరే కేకు ఒకటి చెప్పండి.

అరటిపండు కేకు. రావులపాలెం అరటి మార్కెట్ పక్కన పెట్టుకుని వెనిల్లా ఎసెన్సు కోసం వెతకడమేమిటి! కర్పూరం అయితే మేలు, తొక్క నల్లమచ్చలు పడి, ఇక ఎవరూ తినరు అన్నంత మాగాలి. చక్కెరకేళి కూడా బాగుంటుందిగానీ దాన్ని పండుగానే తినాలన్నది నా అభిప్రాయం.

మెదిపిన పండు 300 గ్రాములు, సన్నగా తరిగిన బెల్లం 120 గ్రాములు, రెండు గుడ్లు, వాసన లేని నూనె 100 మిల్లీలీటర్లు కలిపి బెల్లం కరిగేదాకా గిలకొట్టండి. ఇందులో 200 గ్రాముల గోధుమపిండి, ముప్పావు టీస్పూను వంటసోడా, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి జల్లించి కలపండి. పిండి వేశాక ఎక్కువ కలపకూడదు, తెల్లపిండి కనబడకుండా పోతే ఆపేయాలి. గుప్పెడు పచ్చికొబ్బరి కోరు వేస్తే ఇంకా బాగుంటుంది. నూనె రాసిన గిన్నెలో పోసి 175 డిగ్రీల దగ్గర 45 నిమిషాలు ఉంచి, పుల్ల గుచ్చితే తడి పిండి అంటకుండా రావాలి. గిన్నెలోంచి తీసి పూర్తిగా చల్లారాకే కోయండి. బెల్లంలో ఇసుక ఉంటుందన్న అనుమానం ఉంటే రెండు చెంచాల నీళ్లతో కరిగించి వడకట్టి, చల్లారాక వాడండి.

గుడ్లు తినని ఇళ్లలో ఒక్కో గుడ్డుకు పావు కప్పు పెరుగు వేసుకోవచ్చు. కేకు కొంచెం బరువుగా వస్తుంది, రుచికి లోటుండదు. తింటారంటే మాత్రం తణుకు, అనపర్తి కోళ్ల ఫారాల చుట్టుపక్కల ఉన్నవాళ్లకు తాజా గుడ్లకు కొదవేముంది.

వంటసోడా, బేకింగ్ పౌడర్ ఒకటేనా?

కాదు. వంటసోడా పొంగాలంటే పులుపు తోడు కావాలి: పెరుగు, బెల్లం, అరటిపండు, నిమ్మరసం. బేకింగ్ పౌడర్‌లో ఆ పులుపు ముందే కలిపి ఉంటుంది. అందుకే గాలికి తేమ తగిలితే డబ్బాలోనే దాని పని అయిపోతుంది. వానాకాలంలో వాడే ముందు అర చెంచా వేడినీళ్లలో వేసి చూడండి. బుసబుసా పొంగకపోతే పారేయండి. సోడాకైతే నిమ్మరసం పిండి చూడాలి.

బిస్కెట్లు మర్నాటికే మెత్తబడుతున్నాయి.

పంచదార గాలిలోని తేమను లాగేసుకుంటుంది. పూర్తిగా చల్లారాక, అయిదు నిమిషాలు కూడా బయట వదలకుండా బిగుతు మూత డబ్బాలో సర్దండి. మెత్తబడ్డవాటిని 150 డిగ్రీల దగ్గర ఆరేడు నిమిషాలు పెట్టి చల్లారనిస్తే మళ్లీ కరకరలాడతాయి. కేకును, బిస్కెట్లను ఒకే డబ్బాలో పెట్టేవాళ్లున్నారు. కేకు తడి అంతా బిస్కెట్లు తాగుతాయి. ఇక మైదా, రవ్వ నెలకు సరిపడా మాత్రమే కొనండి, వానల్లో పురుగు పట్టడానికి రెండు వారాలు చాలు.

ఆత్రేయపురం పూతరేకులు ఇంట్లో చేయొచ్చా?

రేకు తీయడం ఇంట్లో అయ్యేది కాదని నిక్కచ్చిగా చెప్పాలి. నునుపైన ప్రత్యేక కుండను బోర్లించి, కింద ఎండాకుల మంట వేసి, పల్చటి బియ్యప్పిండి పాలలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి లాగుతారు. కళ్లు మూసి తెరిచేలోపు రేకు లేస్తుంది. మంట ఎప్పుడు తగ్గించాలో, పిండి ఎంత జారుగా ఉండాలో చేతికే తెలుస్తుంది, అది ఏళ్ల మీద పట్టే నేర్పు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, దాని వెనక ఉన్నది ఈ చేతులే.

ఉత్త రేకులు మాత్రం కట్టలుగా అమ్ముతారు, అవి తెచ్చుకుని ఇంట్లో చుట్టుకోండి. తడిపి గట్టిగా పిండిన గుడ్డ మీద రేకును క్షణం ఆనించి తీస్తే విరగకుండా వంగుతుంది. పైన కరిగిన నెయ్యి రాసి, పంచదార పొడి గానీ బెల్లం తురుము గానీ చల్లి, పైన ఇంకో రేకు పరిచి మడవండి. జీడిపప్పు మీ ఇష్టం. నెయ్యి దగ్గర పిసినారితనం చూపిస్తే నోట్లో కాగితం నమిలినట్టే ఉంటుంది.

సెలవుల్లో పిల్లలతో ఏం చేయించొచ్చు? ఫోన్ వదలడం లేదు.

పనసాకు బుట్టలు అల్లించండి. నాలుగు పనసాకులను కూడికల గుర్తులా పేర్చి, అంచులు పైకి లేపి, కొబ్బరీనె ముక్కలతో గుచ్చితే బుట్ట తయారు. అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తే అవే పొట్టిక్కలు. పిల్లలు తామే కట్టిన బుట్టలోది కాబట్టి మారుమాట్లాడకుండా తింటారు. వడ్డించే ముందు ఈనె ముక్కలు పెద్దవాళ్లే తీసేయాలి.

కాస్త పెద్ద పిల్లలకు సంక్రాంతి సెలవుల్లో చిన్న ప్రభ (తీర్థానికి మోసుకెళ్లే, అలంకరించిన వెదురు చట్రం) కట్టడం మంచి పని. కనుమనాడు కోనసీమలోని జగ్గన్నతోట తీర్థానికి వచ్చే ప్రభలను చూసినవాళ్లకు రూపం చెప్పక్కర్లేదు. వెదురు బద్దలను వంచి విల్లులా కట్టి, మిగిలిపోయిన జాకెట్టు ముక్కలు రంగురంగులుగా అతికించడమే. వెదురు చీల్చడం మాత్రం వాళ్ల చేతికి ఇవ్వొద్దు.

మగవాళ్లు ఇలాంటివి చేస్తే నవ్వుతారేమో?

బజారులో జాకెట్లు కుట్టే దర్జీలెవరు, మగ్గం మీద కూర్చునేదెవరు, తాపేశ్వరంలో మడత కాజా మడిచేదెవరు? డబ్బులొస్తే వృత్తి, ఇంట్లో చేస్తే ఆడవాళ్ల పని! నవ్వేవాళ్లకు ఓ ముక్క కేకు పెట్టండి, సరిపోతుంది.

బాగా చేస్తున్నావు, అమ్మొచ్చు కదా అంటున్నారు. అమ్మాలా?

కొన్నాళ్లు ఆగండి. ఆర్డరు తీసుకున్న రోజు నుంచి అది మీ సరదా కాదు, వాళ్ల తేదీ. ఆదాయం నిజంగా అవసరమైతే మొహమాటం లేకుండా ధర లెక్క వేయండి. సరుకు ఖర్చు, గ్యాసు లేదా కరెంటు, పట్టిన గంటలకు కూలి, మూడూ కలిపాకే ధర చెప్పాలి. మూడోది వదిలేయడం మనవాళ్లకు అలవాటు. ముక్కకింత అని అల్లే లేసు పనిలో చాలా ఇళ్లకు చివరికి మిగిలేది చాలా తక్కువ, గంటల లెక్క ఎవరూ కట్టరు కాబట్టే అలా సాగుతోంది. చుట్టాలకు ఇచ్చేటప్పుడు ఊరికే ఇవ్వండి, లేదా పూర్తి ధరకు ఇవ్వండి. సగం ధరకు ఇస్తే రెండు వైపులా మాటొస్తుంది.

తినే వస్తువులు అమ్మాలంటే ఇంట్లో చేసే చిన్న వ్యాపారానికైనా ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. కుట్టు, లేసు అమ్మాలనుకుంటే మీ డ్వాక్రా సంఘంలో అడగండి. ప్రదర్శనలు, సరస్ మేళాల కబురు ముందు అక్కడికే వస్తుంది.

క్రీము కేకు చేసి గోదావరి అవతల ఉన్న మా ఆడపడుచు ఇంటికి తీసుకెళ్లాలి. కరిగిపోకుండా ఎలా?

ఏప్రిల్, మే నెలల్లో అయితే క్రీము ఆలోచన మానుకోండి. పాల క్రీము మన ఎండకు అరగంట నిలవదు. బేకరీ సరుకు అమ్మే కొట్లలో దొరికే పాలు లేని క్రీము కాస్త మొండిదిగానీ, నాలుకకు వనస్పతి జిడ్డు తగులుతుంది. చల్లటి నెలల్లో వెళ్తుంటే కేకును ముందురోజే కాల్చి ఫ్రిజ్‌లో ఉంచండి. బయల్దేరే రోజు తెల్లవారుజామున, గిన్నె, బీటరు కూడా ఫ్రిజ్‌లో చల్లబరిచి క్రీము గిలకొట్టి పూయండి. మళ్లీ రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టాక గట్టి అట్టపెట్టెలో, అడుగున జారకుండా తడి గుడ్డ పరిచి, దాన్ని థర్మాకోల్ పెట్టెలో సర్దండి. ఐసు ప్యాకులు పక్కల పెట్టాలి, పైన కాదు. నరసాపురం రేవులో పంటు (బండ్లను కూడా దాటించే పడవ) ఎక్కి సఖినేటిపల్లి దిగేవాళ్లయితే పెట్టెను బండి ఫుట్‌రెస్ట్ మీద కాకుండా ఎవరి ఒళ్లోనైనా పెట్టించండి. క్రీము మీద పువ్వులు, పేరు ఇంట్లోనే రాయొద్దు. కోను సంచిలో క్రీము వేరుగా తీసుకెళ్లి, వాళ్లింట్లో ఫ్రిజ్‌లో పావుగంట పెట్టి, కోసే ముందు రాసుకోవచ్చు.